ఓడలును మంచినీరును

అండమాను దీవుల చరిత్ర యనగానే మనవారికి సెల్యులర్ జైలు స్ఫురించును. అది సహజమే. కాని జైలుకంటె పాతదియు, నేటికిని తీరనిదియు నగు చిక్కు ఒకటి ఈ దీవులకు కలదు. అది మంచినీటి చిక్కు.

1789 లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాతం దీవిలో వలస నెలకొల్పెను. 1792 లో దానిని ఉత్తర అండమానునకు మార్చిరి. అచట రోగములు ప్రబలగా 1796 లో ఎత్తివేసిరి. మరల 1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకర్ 'సెమిరామిస్' అను ఓడలో 200 మంది ఖైదీలతో వచ్చి, తొలుత చాతంలోనే మకాము వేసెను. త్రాగునీరు చాలలేదు. దానితో పాలనాకేంద్రము రాస్ దీవికి మారెను. దొరవారి దస్త్రములకంటె నీటికుండయే రాజధానిని నిర్ణయించినదన్నమాట!

తరువాత 'మహారాజా' ఓడ ఖైదీలను తెచ్చెను. స్వాతంత్ర్యానంతరము వచ్చిన ఓడలు తూర్పు బెంగాలు కాందిశీకులను, ఉద్యోగులను, విశాఖపట్టణపు రేవునుండి మన తెలుగువారిని తెచ్చినవి. వీరందరును ఇచటనే నిలిచి, ఉన్న నీటినే పంచుకొనిరి. విహారనౌక తీరు వేరు. అది ఉదయమున వేలమందిని దింపి సాయంకాలమునకు తరలిపోవును. అట్టి నౌకలకై 2023 లో విశాఖలో ప్రత్యేక టెర్మినల్ ప్రారంభమైనది. అచటికిని మనకును నడుమ నున్నది ఇంచుమించు మూడు దినముల ప్రయాణమే.

గరాచర్మలో కాపురమున్నవారికి వేసవిలో కుళాయినీటి విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ధనిఖారి జలాశయమే మనకు ముఖ్యాధారము. యాత్రికుల రద్దీ యేమో సరిగా వానలు లేని నెలలలోనే! పెద్దనౌకలు సముద్రజలమునుండి మంచినీరు తయారుచేసికొనగలవు. కావున రేవులో నీరు కోరరాదను నియమము వానికి భారము కాదు. మురుగు సంగతి ఇంకను కష్టము. అంతర్జాతీయ నియమముల ప్రకారము శుద్ధిచేయని మురుగును తీరమునకు 12 నాటికల్ మైళ్ళకు ఆవలనే విడువవలెను. 1998 లోను, 2010 లోను సముద్రపు వేడికి తెల్లబారిన మన పగడపు దిబ్బలకు ఈ రక్షణ చాలునని నేననుకొనను.

అలాస్కాలోని జూనో రేవులో 2001 నుండి విహారనౌకలకు ఒడ్డునుండి జలవిద్యుత్తు నిచ్చుచున్నారు. నౌకాయంత్రముల పొగ తగ్గినది. మనమును అట్లే చేయుదమా? మన విద్యుత్తులో అధికభాగము డీజిలుతో పుట్టునది. నౌకలో పొగ నాపి ఊరిలో పొగ పెంచిన లాభమేమి? మన గరాచర్మలోని ఎన్.టి.పి.సి. సౌరకేంద్రపు శక్తి 5 మెగావాట్లు. పెద్దనౌక యొకటి రేవులో ఊరక నిలిచినప్పుడే అంతకు మించి కోరవచ్చును.

జూనోవారే మరొక పని చేసిరి. 2024 నుండి దినమునకు అయిదు పెద్దనౌకలు మించి రారాదని నౌకా సంస్థలతో ఒడంబడిక చేసికొనిరి. మనకు అయిదు కూడ అధికమే. రేవు పొడిగింపునకు పూర్వమే, ఏప్రిలు మాసమున ధనిఖారిలో మిగిలిన నీటిమట్టమును బట్టి మరుసటి యేటి నౌకలసంఖ్యను నిర్ణయించుట మేలని నా మనవి.