గడప యెవరిది? – ఫైళ్ల రవాణా చరిత్ర

ఒక యంత్రము నుండి మఱియొక యంత్రమునకు ఫైళ్లను పంపుట నేడు బాలురకును తెలిసిన పని. కాని ఆ ఫైళ్లను అందుకొను సర్వరును భద్రముగా అమర్చువానికి మొదటి దినముననే యొక వింత నియమ మెదురగును. ఎవని కొఱకు గది కట్టితిమో ఆ గది గడపపై వానికి అధికార ముండరాదట! ఉన్నచో సర్వరు వానిని లోనికి రానీయదు. ఈ నియమ మేల పుట్టినదో తెలియక విసుగుకొనువారు పెక్కురు గలరు గనుక దాని చరిత్రను మనవి చేసెదను.

1971 ఏప్రిల్ నెలలో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున నుండిన అభయ్ భూషణ్ గారు ఫైళ్ల రవాణాకు తొలి నిబంధనావళిని వ్రాసిరి. వీరు కాన్పూరు ఐ.ఐ.టి. మొదటి జట్టు పట్టభద్రులలోనివారు. మనవారు చేసిన పని యని చెప్పుకొనుట నాకు సంతోషమే. ఆ పద్ధతికి ఎఫ్.టి.పి. యని పేరు. అప్పటి ఆర్పానెట్ వలలో నున్నవి కొన్ని విశ్వవిద్యాలయములు, పరిశోధనశాలలు. అందఱును ఒకరి నొకరు ఎఱిగినవారే. కావున పేరును, సంకేతపదమును, అనగా పాస్‌వర్డును, విప్పిన జాబువలె తీగవెంట పంపినను ఎవరికిని శంక కలుగలేదు. 1985లో నిబంధనలను తిరుగ వ్రాసినప్పుడును సంకేతపదము మఱుగు లేకయే పోవుచుండెను. వల దేశదేశముల వ్యాపించిన పిదప, దారిలో పొంచియుండి దానిని చదువుకొనుట దొంగలకు సులభమయ్యెను.

1995లో ఫిన్లాండు దేశమున, హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు వలలో నిట్టి చౌర్యమే జరిగెను. అచ్చటి పరిశోధకుడు టాటు యిలోనెన్ దానికి విరుగుడుగా, సంభాషణ నంతటిని గూఢలిపిలోనికి మార్చు ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతిని కల్పించి ఆ యేటి జూలైలో లోకమునకు ఉచితముగా నిచ్చెను. ఎఫ్.టి.పి. ద్వారము సంఖ్య 21, టెల్‌నెట్ ద్వారము 23. నడుమ 22 ఖాళీగా నుండుట చూచి దానినే అడిగి పుచ్చుకొనెను. తరువాతి ప్రతులకు వాణిజ్య నిబంధనలు పడగా, 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వారు పాత స్వేచ్ఛాప్రతిని చేపట్టి ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ను సిద్ధపఱచిరి. అందులో ఫైళ్ల రవాణాకు గల విభాగమే ఎస్.ఎఫ్.టి.పి. పేరు చూచి ఎఫ్.టి.పి.కి తమ్ముడనుకొందురు గాని, వంశమే వేఱు.

ఇంతవఱకు చెప్పినది దారి రక్షణ. ఇంటి రక్షణ వేఱు. వచ్చినవాడు తన గది దాటి యంత్రమంతయు తిరుగకుండుటకు యునిక్స్‌లో చ్‌రూట్ అను ఉపాయము 1979 నాటి ఏడవ సంచికలోనే కలదు. ఒక డైరెక్టరీని చూపి, నీకు లోకమంతయు ఇదియే యని చెప్పుట దాని పని. ఆ లోకమంతయు లోనివాని చేతిలోనే యున్నచో ఏమగును? యంత్రమందలి కార్యక్రమములు కొన్ని సర్వాధికారి యగు రూట్ పేర నడచుచు, ఈటీసీ డైరెక్టరీలో నియమములను, లిబ్ డైరెక్టరీలో సాధనములను వెదకును. లోనివాడు తన గదిలోనే దొంగ ఈటీసీని, దొంగ లిబ్‌ను సృష్టించెనా, ఆ కార్యక్రమము వానినే నిజమని నమ్మును. ఇది ఊహ కాదు. 2011 డిసెంబరులో ఫ్రీబీఎస్‌డీ వారు తమ ఎఫ్.టి.పి. సర్వరులో సరిగా నీ దోషమునే ప్రకటించిరి. గదిలో వ్రాయగలిగిన అతిథి తాను పెట్టిన సాధనమును ఆ సర్వరుచేతనే, రూట్ అధికారముతో, నడిపింపగలడని తేలినది. ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వారు అంతకు మూడేండ్లు ముందుగా, 2008లో, చ్‌రూట్‌ను తమ సర్వరులో చేర్చుకొన్ననాడే గడప నియమమును విధించియుండిరి. మూలము నుండి ఆ గది వఱకు గల ప్రతి డైరెక్టరీయు రూట్‌దే కావలెను. అన్యులెవ్వరును అందు వ్రాయరాదు.

మా యూర శిథిలమగుచున్న తాళపత్ర ప్రతులకు ఛాయాచిత్రములు తీయించి, కొందఱము వానిని ఒక లినక్స్ సర్వరున చేర్చుచున్నాము. ఆకు పొడియైన పిదప ఛాయయే ప్రతి. ఒకరు చేర్చినదానిని వేఱొకరు తెలిసి చెఱిపినను, తెలియక చెఱిపినను పోయినట్లే. సర్వరు నమర్చిన నా పూర్వశిష్యుడు కాన్ఫిగరేషన్ ఫైలును నాకు చదివి వినిపించెను.

"మాస్టారూ, మ్యాచ్ గ్రూప్ అన్న పంక్తి కింద వ్రాసిందంతా, మరో మ్యాచ్ వచ్చేదాకానో ఫైలు అయిపోయేదాకానో ఆ గుంపుకే వర్తిస్తుందండీ. అందుకే చివర్న పెట్టాను" అనెను.

నాకు పాణిని అధికారసూత్రములు స్మరణకు వచ్చినవి. ఒకమారు చెప్పిన పదము క్రింది సూత్రములకు అనువర్తించుట అట్టిదే గదా! మ్యాచ్ క్రింది విశేషవిధి పైనున్న సామాన్యవిధిని బాధించును. అదియు మన ఉత్సర్గాపవాద న్యాయమే. ఒక్కచోట భేదము కలదు. ఒకనికి రెండు మ్యాచ్‌లు వర్తించి, రెండును ఒకే విషయమున విరోధించినచో, పాణిని పరసూత్రమునకు బలమిచ్చును. ఈ ఫైలు ముందు వచ్చినదానికే ఇచ్చును. వ్యాకరణము చదివినవా డిచ్చట మఱింత జాగరూకుడు కావలెను.

శిష్యుడు ఆ గుంపునకు చ్‌రూట్ డైరెక్టరీని నిర్ణయించి, ఫోర్స్ కమాండ్ చేత ఇంటర్నల్ ఎస్.ఎఫ్.టి.పి. తప్ప వేఱొక ఆజ్ఞ నడువకుండ చేసెను. ఈ ఇంటర్నల్ వలన గదిలో కార్యక్రమములకు నకళ్లు పెట్టవలసిన శ్రమ తప్పినది. 2008కి ముందు అది తప్పనిసరి. టీసీపీ ఫార్వర్డింగును మూసెను. లేనిచో అతిథి మన యంత్రమును వంతెనగా చేసికొని పొరుగు యంత్రములకు పోవచ్చును. తరువాత గడపను రూట్ పేరనే యుంచి, లోపల 'ప్రతులు' అను డైరెక్టరీని మాత్రము సేకర్త పేర వ్రాసెను. మా సేకర్తలలో నొకరు, నా గదిలో నేను వ్రాయలేకపోవుట యేమని కోపించిరి. లోపలి డైరెక్టరీని చూపి, 2011 నాటి ఆ కథ చెప్పగా శాంతించిరి. సర్వరును తిరిగి నడుపుటకు ముందు ఫైలును పరీక్షించు ఆజ్ఞ యొకటి కలదు. శిష్యుడు దానిని నడిపి, తెఱచియున్న తన ప్రవేశమును మూయకయే, వేఱొక టెర్మినల్ నుండి కొత్తగా ప్రవేశించి చూచెను. తాళపుచెవిని లోపలనే మఱచి తలుపు వేసికొనువారు ఈ వృత్తిలోను గలరట.

ఎస్.ఎఫ్.టి.పి. ముసాయిదా 2006లోనే నిలిచిపోయి, నేటికిని ప్రమాణముగా ముద్రపడలేదు. వాడుక మాత్రము దానిదే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులు 2021లో ఎఫ్.టి.పి.ని విడిచినవి. మా సర్వరున 21వ ద్వారమును మొదటినుండియు తెఱువనేలేదు.