వెనీలా అంటే చప్పనా?

ఆ మధ్య నేను చేసిన ఒక డిజైను చూసి మా క్లయింటు మేనేజరు "బాగానే ఉంది కానీ మరీ వెనీలాగా ఉంది" అన్నాడు. అమెరికాలో ఇన్నేళ్ళుంటే ఆ మాత్రం తిట్టు అర్థమవుతుంది లెండి. ప్రత్యేకత ఏమీ లేదు, చప్పగా ఉంది అని. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది రోజూ వినే మాటే. ఏ మార్పులూ చెయ్యకుండా, కొన్నది కొన్నట్టు పెట్టేస్తే "వెనీలా ఇన్‌స్టాలేషన్". అక్కడది తిట్టు కాదు, ఖర్చు తక్కువని మెచ్చుకుంటారు కూడా.

ఇంటికొచ్చాక ఒక సందేహం పట్టుకుంది. తెలుగులో చప్పగా ఉందంటే ఉప్పూ కారం తగల్లేదని. ఉండాల్సింది లేదు కాబట్టి ఆ మాట. మరి వెనీలాకి కమ్మటి వాసన ఉంది కదా! సుగంధద్రవ్యాల్లో కుంకుమపువ్వు తరవాత ఖరీదు దీనిదే. దాని పేరు చప్పదనానికి ఎలా అంటుకుంది?

వెనీలా మెక్సికో అడవుల ఆర్కిడ్ తీగ. స్పెయిన్ వాళ్ళు దాని కాయల్ని యూరప్‌కి తెచ్చాక కూడా దాదాపు 300 ఏళ్ళు అందరికీ మెక్సికోయే దిక్కు. తీగని వేరే దేశాల్లో నాటితే బతికేది, పూసేది, కాసేది కాదు. పువ్వులో పుప్పొడికీ కీలాగ్రానికీ మధ్య ఒక పల్చటి పొర అడ్డం. మెక్సికోలో ఆ పని చక్కబెట్టే కీటకాలు బయట లేవు. 1836లో బెల్జియంలో షార్ల్ మోరెన్ అనే శాస్త్రవేత్త చేత్తో కాయలు కాయించాడు కానీ, ఆయన పద్ధతి తోటల్లో పనికి రాలేదు.

దారి చూపింది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఒక బానిస కుర్రాడు. అప్పట్లో ఆ ఫ్రెంచి దీవిని బూర్బోన్ అనేవారు. మనకీ దానితో చుట్టరికం ఉంది. 1828లో యానాం నుంచి తెలుగు కూలీలను ఒప్పందం మీద అక్కడికి ఓడెక్కించారు. మనకన్నా చాలా ముందే కాంట్రాక్టు మీద సముద్రం దాటినవాళ్ళన్నమాట. ఆ మరుసటేడు పుట్టాడు ఎడ్మండ్. పుట్టగానే తల్లి పోయింది. 1841లో, పన్నెండేళ్ళ వయసులో, సన్నటి పుల్లతో ఆ పొరని పైకెత్తి బొటనవేలితో పుప్పొడిని అద్దాడు. కాయ కాసింది. యజమాని మొదట నమ్మలేదు. కళ్ళారా చూశాక, మిగతా తోటల వాళ్ళకి నేర్పించడానికి వాణ్ణి ఊరూరా పంపించాడు.

దీవి బాగుపడింది. ఎడ్మండ్ బాగుపడలేదు. 1848లో బానిసత్వం రద్దయ్యాక ఆల్బియస్ అని ఇంటిపేరు ఇచ్చారు. తర్వాత ఒక దొంగతనం కేసులో జైలుకి వెళ్ళాడు. దీవికి చేసిన మేలు చూసి శిక్ష తగ్గించమని అర్జీ పెడితే ముందుగా వదిలారు. ఆ పద్ధతి నేనే నేర్పానని ఒక ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త వాదిస్తే, కాదు ఈ కుర్రాడిదేనని పాత యజమాని ఉత్తరాలు రాశాడు. 1880లో ఎడ్మండ్ పేదవాడిగానే పోయాడు. నేటికీ తోటల్లో వెనీలా పువ్వుని ఒక్కొక్కటిగా చేత్తోనే అద్దుతారు. పువ్వు విచ్చుకునేది ఒక్క పూటే, అది దాటితే ఆ కాయ లేనట్టే.

మరి చప్పదనం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1874లో జర్మన్ రసాయనవేత్తలు టీమన్, హార్‌మన్ పైన్ చెట్టు సారం నుంచి వెనిలిన్ తయారుచేశారు. ఆ తర్వాత వెనీలా వాసన కారుచౌక అయింది. ఒకప్పుడు జెఫర్సన్ స్వహస్తాలతో తయారీ రాసి పెట్టుకున్న దొరల ఐస్‌క్రీం, అమెరికాలో ఏ ఫ్లేవరూ అడగనివాళ్ళకి ఇచ్చే ఐస్‌క్రీం అయిపోయింది. పేరు గుణంగా మారింది. కంప్యూటర్ల వాళ్ళు తమ యాస నిఘంటువులో కూడా ఎక్కించుకున్నారు.

అంటే ఇక్కడ రుచి తగ్గలేదు, అందరికీ అందింది. అందరికీ అందిందాన్ని చప్పన అనడం మనకి అలవాటే. దాన్ని అందించినవాడి పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇంకోసారి ఎవరైనా నా పనిని వెనీలా అంటే, తోటదా ఫ్యాక్టరీదా అని అడుగుదామనుకుంటున్నాను. తోటదే అంటే మాత్రం రేటు పెంచమంటాను.