తెర మీదికి చేరిన మీటింగు

1970 జూన్ 30న అమెరికాలోని పిట్స్‌బర్గ్ మేయరు పీటర్ ఫ్లాహర్టీ, ఆల్కోవా కంపెనీ అధిపతి జాన్ హార్పర్ ఫోన్లో మాట్లాడుకున్నారు. మాట్లాడుకుంటూనే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏటీ అండ్ టీ సంస్థ తన 'పిక్చర్‌ఫోన్'ను వ్యాపార సంస్థలకు అందుబాటులోకి తెచ్చిన రోజది. ఇవాళ మన ఆఫీసు మీటింగుల్లో చాలావరకు తెర మీదే జరుగుతున్నాయి కాబట్టి ఆ రోజు చరిత్రలో నిలిచిపోయి ఉండాలి. కానీ దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు చాలా తక్కువ. కొద్ది ఏళ్లలోనే ఆ సేవ చతికిలబడింది.

పరికరం మాత్రం ముచ్చటైనదే. ఐదంగుళాల చిల్లర నలుపు తెలుపు తెర, దాని పైన కెమెరా. కెమెరా దగ్గర చిన్న అద్దం ఒకటి ఉండేది. దాన్ని తిప్పితే కెమెరా చూపు బల్ల మీదికి వాలి, అక్కడ పెట్టిన కాగితం అవతలివాళ్ల తెర మీద కనిపించేది. మనం ఇప్పుడు 'స్క్రీన్ షేర్ చేస్తున్నాను, కనబడుతోందా?' అని అడుగుతున్నామే, ఆ పని 1970లోనే అద్దంతో చేసి చూపించారు. ఏటీ అండ్ టీ పరిశోధన విభాగమైన బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లకు మీటింగంటే ఏమిటో బాగా తెలుసు. మనుషులు ముఖాలు చూసుకోవడానికి మాత్రమే కూర్చోరు, మధ్యలో ఒక కాగితం ఉంటుంది.

మరి ఎందుకు పోయింది? మొదటి కారణం డబ్బు. నెలకు 160 డాలర్లు అద్దె కడితే అరగంట మాట్లాడుకోవచ్చు, ఆపైన నిమిషానికి పావు డాలరు. అంతకుముందు 1964లో న్యూయార్క్, వాషింగ్టన్, షికాగోల్లో బూత్‌లు పెట్టినప్పుడు మూడు నిమిషాల కాల్‌కు 16 నుంచి 27 డాలర్లు తీసుకున్నారు. ప్రారంభోత్సవానికి అధ్యక్షుడి భార్య లేడీ బర్డ్ జాన్సన్ వచ్చి వాషింగ్టన్ నుంచి మాట్లాడారు గానీ, తర్వాత జనం ఆ బూత్‌ల వైపు పెద్దగా రాలేదు. రెండో కారణం ఇంకా గట్టిది. పిక్చర్‌ఫోన్ కొన్నవాడికి కాల్ చేయడానికి ఇంకో పిక్చర్‌ఫోన్ ఉన్నవాడు కావాలి. ఊరంతా కొంటే తప్ప ఒక్కడు కొని లాభం లేదు. అందుకే ఎవరికివారు పక్కవాడు కొనేదాకా ఆగారు.

మూడోది తీగల సమస్య. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే ఉంది. కదిలే బొమ్మను అంకెల్లోకి మార్చి దూరం పంపాలంటే సెకనుకు 63 లక్షల బిట్లు పట్టేవి. మామూలు ఫోన్ కాల్‌కు 64 వేలు చాలు. అంటే ఇద్దరు పెద్దమనుషులు ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకుంటే, దాదాపు వంద మామూలు కాల్స్ పట్టేంత దారి ఆ ఇద్దరికే కేటాయించాలి. ఆ లెక్కన ధర ఎప్పటికీ దిగదు. బొమ్మ చిన్నదైతేనే, అదీ చూపుకు తేడా తెలియకుండా చిన్నదైతేనే, ఈ ఆలోచన బతుకుతుంది.

ఆ చిక్కుముడి విప్పినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు నాసిర్ అహ్మద్. బెంగళూరులో పుట్టి, అక్కడే ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి న్యూ మెక్సికో యూనివర్సిటీలో డాక్టరేట్ చేశారు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతుండగా, 1972లో, బొమ్మలోని సమాచారాన్ని కొసైన్ తరంగాలుగా విడగొడితే చాలా భాగం వదిలేయవచ్చన్న ఊహ వచ్చింది. పరిశోధనకు డబ్బివ్వమని నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దరఖాస్తు పెట్టారు. పరిశీలించినవాళ్లకు ఆలోచన మరీ తేలికగా కనిపించింది, తిరస్కరించారు. ఆయన వదల్లేదు. భార్య ఎస్తర్ అండగా నిలిస్తే, 1973 వేసవి సెలవుల్లో జీతం లేకుండానే ఆ పని మీద కూర్చున్నారు. తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న టి. నటరాజన్, టెక్సస్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న కె.ఆర్. రావు తోడయ్యారు. రావు గారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లినవారు. ముగ్గురూ కలిసి రాసిన నాలుగు పేజీల వ్యాసం 1974 జనవరిలో అచ్చయింది. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. సాంకేతిక లోకం పొట్టిగా డీసీటీ అంటుంది.

అది చేసే పని చెప్పుకోవడం కష్టమేం కాదు. కొట్లో చూసిన చీర గురించి చెల్లెలికి ఫోన్లో చెప్పేటప్పుడు ఒక్కో దారం రంగూ చెప్పం. ఒళ్లంతా ఆకుపచ్చ, అంచు మెరూన్, పల్లూలో జరీ బుటాలు అంటే చాలు, అటువైపు చీర కళ్లకు కట్టేస్తుంది. డీసీటీ కూడా బొమ్మను చిన్న చిన్న గళ్లుగా చేసి, మామూలుగా గడికి 64 చుక్కలు తీసుకుని, వాటిలో వెలుగు ఎంత నెమ్మదిగా మారుతోంది, ఎంత వేగంగా మారుతోంది అని లెక్క తీస్తుంది. నెమ్మదిగా మారేవాటిని మన కన్ను బాగా పట్టుకుంటుంది. చకచకా మారే నలకలను పెద్దగా పట్టించుకోదు. అందుకే రెండో రకం అంకెల్లో చాలావాటిని వదిలేసినా మనకు తెలియదు.

1988లో హెచ్.261 అనే అంతర్జాతీయ వీడియో ప్రమాణం ఖరారైనప్పుడు దాని గుండెకాయ డీసీటీయే. దానికి ఇంకో ఉపాయం జతచేశారు. ముందు ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య కదిలిన భాగం సంగతే పంపాలి, కదలనిది మళ్లీ పంపనక్కర్లేదు. మీటింగులో కూర్చున్నవాళ్లు పెదవులు, చేతులు తప్ప పెద్దగా కదపరు, వెనక గోడ అసలు కదలదు. ఈ రెండూ కలిసి, 64 వేల బిట్ల దారిలోనే, అంటే ఒక్క ఫోన్ కాల్ పట్టే చోటులోనే, చిన్నదైనా కదిలే ముఖాన్ని కూర్చోబెట్టాయి. వంద కాల్స్ దారి ఒక్క కాల్ దారిగా మారిందంటే ఏమనాలి! ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు వచ్చిన ప్రధాన వీడియో ప్రమాణాలన్నీ ఆ నాలుగు పేజీల కొమ్మలే. జీతం లేని ఆ వేసవికి మనం ఎంత రుణపడి ఉన్నామో మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చెప్పాలి. గణితం చెప్పి మనుషుల పేర్లు వదిలేయడం బాగాలేదు.

దారి తెరుచుకున్నాక కథ వేగంగా నడిచింది. 1992లో కార్నెల్ యూనివర్సిటీ మామూలు మాకింతోష్ కంప్యూటర్ల మీద నడిచే 'సీయూ సీమీ' అనే వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 2003లో స్కైప్ వచ్చింది, కొద్ది ఏళ్లకు దానికి వీడియో చేరింది. అమెరికాలో పిల్లలున్న మన తల్లిదండ్రులు కెమెరా ముందు కూర్చోవడం అప్పుడే నేర్చుకున్నారు.

చైనాలోని షాన్‌డాంగ్‌లో చదువుకునే రోజుల్లో ఎరిక్ యువాన్ అనే కుర్రాడు తన స్నేహితురాలిని చూడటానికి పది గంటలు రైల్లో వెళ్లేవాడు. ప్రయాణం లేకుండా చూసుకునే దారి ఉంటే బాగుండునని అప్పుడే అనుకున్నాడట. అమెరికా వీసాకు ఎనిమిదిసార్లు కాదన్నారు, తొమ్మిదోసారి ఇచ్చారు. 1997లో వెళ్లి ఆన్‌లైన్ మీటింగుల కంపెనీ వెబెక్స్‌లో చేరాడు. దాన్ని 2007లో సిస్కో కొనేసింది. ఫోన్లలోనూ సాఫీగా నడిచే కొత్త వ్యవస్థ కడదామని సిస్కో పెద్దలకు చెబితే వాళ్లు ఒప్పుకోలేదు. 2011లో బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టాడు. అదే జూమ్.

బార్సిలోనాలో జరగాల్సిన మొబైల్ వరల్డ్ కాంగ్రెస్‌ను కరోనా భయంతో 2020 ఫిబ్రవరి 12న రద్దు చేశారు. ఏటా లక్ష మంది చేరే సభ అది. 2019 డిసెంబరులో జూమ్ మీటింగుల్లో రోజుకు గరిష్ఠంగా కోటి హాజరీలు ఉంటే, 2020 ఏప్రిల్‌కు అవి 30 కోట్లయ్యాయి. ఒకే మనిషి ఐదు మీటింగుల్లో కూర్చుంటే ఐదు హాజరీలని లెక్క. పిక్చర్‌ఫోన్‌ను ముంచిన 'అవతలివాడు కూడా కొనాలి' అన్న గోడ ఆ నెలల్లో ఒక్కసారిగా కూలింది. 'సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు' అన్న మాట ఇంటింటా వినిపించింది. మన హైదరాబాద్‌లో ఏటా జరిగే బయోఏషియా సదస్సు కూడా 2021, 2022ల్లో ఆన్‌లైన్‌కే మారి, 2023లో మళ్లీ హాలుకు చేరింది.

హాలుకు తిరిగి రావడం పాత అలవాటు మీది మమకారం వల్లే అనుకోకూడదు. 2022లో 'నేచర్' పత్రికలో మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ ఒక పరిశోధన ప్రచురించారు. జంటలుగా కూర్చుని కొత్త ఆలోచనలు చెప్పమని అడిగితే, ఒకే గదిలో ఉన్నవాళ్లకు ఎక్కువ ఆలోచనలు వచ్చాయి, వీడియోలో కలిసినవాళ్లకు తక్కువ వచ్చాయి. వచ్చినవాటిలో మంచిది ఏరుకోవడంలో మాత్రం వీడియో జంటలు వెనకబడలేదు. కారణం వెతికితే చూపు దగ్గర తేలింది. వీడియోలో ఉన్నవాళ్లు కళ్లు తెరకు అతికించి అవతలి ముఖాన్నే చూశారు. గదిలో ఉంచిన వస్తువులేమిటని తర్వాత అడిగితే తక్కువే గుర్తున్నాయి. చూపు తిరగనప్పుడు ఆలోచనా తిరగదు. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బెయిలెన్సన్ 2021లోనే చెప్పారు, దగ్గరగా కనిపించే అన్ని ముఖాలు, ఎప్పుడూ ఎదురుగా మన ముఖమే, కుర్చీలోంచి కదలలేకపోవడం, అవతలివాళ్ల హావభావాలు పట్టుకోవడానికి పడే అదనపు శ్రమ, ఇవన్నీ కలిసి మనిషిని అలసిపోయేలా చేస్తాయని. 2023లో జూమ్ కంపెనీయే, ఆఫీసుకు దగ్గర్లో ఉండే ఉద్యోగులను వారానికి రెండు రోజులు వచ్చి పనిచేయమంది.

కాబట్టి రేపటి మీటింగు గురించి నా అభిప్రాయం ఇది. లెక్కలు చూసుకోవడం, నిర్ణయం తీసుకోవడం, పని ఎంతదాకా వచ్చిందో చెప్పుకోవడం తెర మీదే ఉండాలి. అరగంట పని కోసం మనుషులను విమానాల్లో తిప్పడం డబ్బు దండగ. కొత్తది ఏదో పుట్టాల్సినప్పుడు, పరిచయం నమ్మకంగా మారాల్సినప్పుడు మాత్రం ఒకే గదిలో కూర్చోవాలి. వంద మంది హాల్లో, పది మంది తెర మీద ఉండే మిశ్రమ సభలు ఇంకా సరిగా కుదరలేదు. తెర మీదివాళ్లను హాల్లోవాళ్లు మరిచిపోతారు. సభల్లో భాష అడ్డును మాత్రం యంత్ర అనువాదం కొంత తగ్గించవచ్చు. 2023 డిసెంబరులో కాశీ తమిళ సంగమంలో ప్రధాని హిందీ ప్రసంగాన్ని ప్రభుత్వ అనువాద వ్యవస్థ భాషిణి అప్పటికప్పుడు తమిళంలో వినిపించింది. కంపెనీ సభల్లో తెలుగుకూ అది జరగాలి.

అన్నిటికన్నా నాకు ముఖ్యంగా కనిపించే మార్పు చిన్న వాటాదారుది. 2013 కంపెనీల చట్టం ప్రకారం వార్షిక సభ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఊళ్లోనే జరపాలి. ముంబై కంపెనీలో యాభై షేర్లున్న తెనాలి రిటైర్డ్ టీచరు ఎన్నడు వెళ్తారు? 2020లో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వీడియోలో సభ జరుపుకోవచ్చని సర్క్యులర్లు ఇచ్చింది, తర్వాత వాటిని పొడిగిస్తూ వచ్చింది. ఆ ఏడు జూలై 15న రిలయన్స్ వార్షిక సభ మొదటిసారి అలా జరిగింది. ఇందులో లోటూ ఉంది. హాల్లోనైతే లేచి నిలబడి అడగొచ్చు. తెర మీద కంపెనీ మైకు ఇస్తేనే మాట వినిపిస్తుంది. అందుకే కంపెనీలు ప్రశ్నలను ఏరకుండా అందరికీ అవకాశమివ్వాలి. మీకు షేర్లుంటే ఈసారి వార్షిక సభ నోటీసు పారేయకండి. అందులో స్పీకర్‌గా పేరు నమోదు చేసుకునే గడువు తేదీ ఉంటుంది. ఆలోగా నమోదు చేసుకుని, అడగాల్సింది అడగండి.