గీత పోవాలంటే

అరచేతిలో గీత నిండుగా ఉంటే ఆయుష్షంటారు. నుదుట గీత బాగుంటే రాజయోగమంటారు. అదే గీత కొత్త కారు తలుపు మీద పడిందో, ఇంటాయనకి ఆ పూట అన్నం సయించదు. పక్కింటి పిల్లాడి సైకిలా, పాలవాడి క్యానా, ఎదురింటివారి స్కూటరు హ్యాండిలా అని ఇంట్లో విచారణ మొదలవుతుంది. ముద్దాయి దొరకడు. గీత మాత్రం చూసినప్పుడల్లా దొరుకుతూనే ఉంటుంది.

సికింద్రాబాదు మౌలాలిలో ఉండేవాళ్ళు ముద్దాయి కోసం అంత దూరం వెతకక్కర్లేదు. తలెత్తి గుట్టను చూస్తే చాలు. అది దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. అందులో పలుగురాయి పాలు దండిగా ఉంటుంది. మోస్ అనే జర్మన్ పండితుడు 1812లో రాళ్ళ గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా మార్కులు వేశాడు. పలుగురాయికి ఏడు మార్కులొచ్చాయి. మామూలు ఇనుప రేకే దానికి చాలదు; ఇక పైన పూసిన రంగెంత! రాత్రి కారు మీద వాలిన దుమ్ములో ఆ పలుగురాయి పొడే ఉంటుంది. పొద్దున్నే పొడిగుడ్డ పట్టుకుని కారును ముద్దుగా తుడుస్తామే, అప్పుడు మనమే దాన్ని రాతిపొడితో రుద్దుతున్నామన్నమాట. ఎండలో నిలబెట్టి చూస్తే సాలెగూడులా సన్నటి గీతలు కనిపించేది అందుకే. దొంగ ఇంట్లోనే ఉన్నాడు!

ఆ గుట్ట పేరెత్తాం గనక దాని కథ కూడా చెప్పుకోవాలి. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, 1578లో, యాకూత్ అనే దర్బారు ఉద్యోగికి ఓ కల వచ్చిందట. కలలో హజ్రత్ అలీ గుట్ట మీద ఓ రాతిపై చెయ్యి ఆన్చి కూర్చున్నారు. మెలకువ వచ్చాక వెళ్ళి చూస్తే రాతి మీద చేతి గుర్తు ఉందని ఐతిహ్యం. అక్కడే దర్గా వెలిసింది. ‘మౌలా అలీ’ కాస్తా జనం నోట మౌలాలి అయింది. ఆసఫ్‌జాహీల కాలంలో ఉర్సు వచ్చిందంటే పట్నమంతా ఏనుగులెక్కి, పల్లకీలెక్కి ఇక్కడికి తరలివచ్చేది. ఏనుగు ఒంటికి గీత పడినా యజమానికి బెంగ లేదు.

బెంగ కారుతో పాటే వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకి ఆర్డరిచ్చాడు గానీ, అది చేతికందక ముందే 1911 ఆగస్టులో కన్నుమూశాడు. వెనకాల సింహాసనం లాంటి ఆసనం ఉన్న ఆ పసుపుపచ్చ కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో కనిపిస్తుంది. ఆ రోజుల్లో కారుకి రంగేసే పద్ధతి గుర్రపుబగ్గీల వాళ్ళదే. పూతమీద పూత వార్నిషు వెయ్యాలి, ఆరబెట్టాలి, అరగదీయాలి, మళ్ళీ వెయ్యాలి. అందుకు వారాలు పట్టేది. ఫోర్డు కంపెనీ తన మోడల్ టీ కారుని 1914 నుంచి 1925 దాకా నలుపు తప్ప మరో రంగులో అమ్మలేదు. అమెరికాలో 1923లో డ్యూకో అనే సెల్యులోజు రంగు వచ్చాకే తిప్పలు తగ్గాయి. వారాల పని గంటల్లోకి దిగింది.

ఆ డ్యూకో మన దగ్గర ఎంత చొరవగా స్థిరపడిందంటే, కారుకి వేసే ఏ రంగునైనా మన షెడ్లలో ‘డ్యూకో పెయింటు’ అనడం మామూలైపోయింది. అక్కడితో ఆగిందా? పొణికి కర్రతో బొమ్మలు చేసే నిర్మల్ కళాకారులు కూడా డ్యూకో రంగుల్ని చేపట్టారు. అమెరికా కారు మీద మెరిసినదే మన షోకేసులో బొమ్మ చిలక మీదా మెరిసింది.

ఈ మెరుపు వెనక ఓ చేదు సంగతి ఉంది. రంగుని నున్నగా చెయ్యాలంటే గరుకు కాగితంతో రుద్దాలి. పాత రంగుల్లో సీసం ఉండేది. పొడిగా రుద్దితే ఆ ధూళి పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఫిలడెల్ఫియాలో సిరా తయారుచేసుకునే ఫ్రాన్సిస్ ఓకీ నీళ్ళలో తడిపినా చెడని గరుకు కాగితాన్ని కనిపెట్టాడు. 1921లో త్రీ ఎమ్ కంపెనీ దాన్ని బజారులో పెట్టింది. బ్లేడు బదులు ఆ కాగితంతోనే గడ్డం గీసుకోవచ్చని ఆయన వాదించేవాడట! గడ్డాల సంగతెలా ఉన్నా, ధూళి నీళ్ళలో కలిసిపోయి పెయింటర్ల ప్రాణాలు కాస్త తెరిపిన పడ్డాయి. మన పెయింటర్లు ‘వాటర్ పేపరు’ అనేది దీన్నే.

ఇక డబ్బాలో దొరికే రబ్బింగ్ కాంపౌండు సంగతి. అందులో రుద్దే పొడి తరచుగా అల్యూమినా. ఇది ప్రకృతిలో గట్టి రాయిగా దొరికితే కురువిందం అంటాం. మోస్ గారి లెక్కలో దానికి తొమ్మిది, పది వజ్రానిది. ఇంగ్లీషువాళ్ళ ‘కోరండం’ మన దక్షిణాది మాటలోంచి పుట్టిందే. ఎర్రటి కురువిందమే కెంపు. అన్నట్టు, ‘యాకూత్’ అన్నా కెంపే! గుట్ట మీద కల గన్న పెద్దమనిషి పేరే గుట్ట కింద కారు గీతకి మందు కావడం చూశారా?

మందుందని తెగరుద్దడం మాత్రం తప్పు. గీత పోవడమంటే ఏమిటి? గీత ఎక్కడికీ పోదు. దాని చుట్టూ ఉన్న రంగుని గీత అడుగు దాకా దించుతాం, అంతే. ఇప్పటి కార్లకి రంగు మీద రంగులేని మెరుపు పొర ఒకటుంటుంది. అది మన తలవెంట్రుక కన్నా పల్చన. ఒక్కసారి అరగదీస్తే మళ్ళీ మొలవదు. పాత అంబాసిడర్‌కీ ఫియట్‌కీ పాలిష్ పడితే గుడ్డకి కారు రంగే అంటేది; ఎంత పోతోందో కంటికి తెలిసేది. ఇప్పుడు పోయేది కంటికి కనిపించదు.

అందుకని ముందు నీళ్ళు ధారాళంగా పోసి దుమ్ము పోగొట్టాలి. నీడలో ఆరనిచ్చి, గీతకి అడ్డంగా గోరు ఆనించి లాగాలి. గోరు జారిపోతే గీత పై పొరలోనే ఉంది. తడి మెత్తటి గుడ్డ మీద కాస్త కాంపౌండు తీసుకుని, గీత ఉన్నంత మేరే నెమ్మదిగా రుద్ది, తుడిచి చూసుకోవాలి. తలుపు అంచుల దగ్గర రంగు మరీ పల్చన గనక అక్కడ చెయ్యి పెట్టకూడదు. గోరు తట్టుకుంటే రుద్దడం మానేసి, కారు రంగు నంబరు చూసి టచప్ పెయింటు తెచ్చి, సన్న కుంచెతో చుక్కచుక్కగా అద్దుకోవాలి. రేకు బయటపడితే వానాకాలం దాకా ఆగొద్దు. తుప్పు ముహూర్తం చూసుకోదు. టూత్‌పేస్టులోనూ సుద్దా ఇసకా లాంటి సన్నటి పొడులుంటాయి గనక పైపై గీతలు మాసిపోవచ్చు. కొబ్బరినూనె రాస్తే గీత మాయమైనట్టే ఉంటుంది; నూనె గీతలో నిండి వెలుగు చెదరకుండా చేస్తుందంతే. మళ్ళీ కడగ్గానే ప్రత్యక్షం. గట్టిపడే ద్రావకం కలిపి స్ప్రే చేసే రంగుల జోలికి ఇంట్లో పోవద్దు. వాటిలోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెచ్చిపెడతాయి. కారు మీద గీత కన్నా ఊపిరితిత్తులు ముఖ్యం.

పదిహేడో శతాబ్దంలో మన వజ్రాల గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఓ మాట రాశాడు. రాయి స్వచ్ఛంగా ఉంటే సానవాళ్ళు దాన్ని పైపైన చక్రానికి తాకించి వదిలేసేవారట. తూకం తగ్గుతుందని భయం. రాయిలో మచ్చ ఉంటే, అది కనబడకుండా చుట్టూ పలకలు తీర్చేవారట. మచ్చ కోసం రాయిని పోగొట్టుకోవడం వాళ్ళకి తెలియని విద్య!

కారు గీతకైనా అదే లెక్క. పోయేదాన్ని పోగొట్టాలి, పోనిదాన్ని అద్ది కప్పాలి, రెంటికీ లొంగకపోతే ఊరుకోవాలి. ఊరుకోవడం కష్టమే. కానీ మౌలాలి గుట్ట మీద రాతికి పడిన ఒక్క గుర్తు కోసం నాలుగున్నర శతాబ్దాలుగా జనం మెట్లెక్కుతున్నారు. మన కారు గీత కోసం ఎవరూ రారు లెండి. వచ్చేది ఎదురింటాయనే. ఆయన కూడా తన స్కూటరు వైపు చూడకుండా, గీత వైపే చూసి “అయ్యో పాపం” అని వెళతాడు.