భయభక్తులు – పరీక్షాందోళన: విజయవాడ ఇంటర్మీడియట్ విద్య నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

విద్యార్థి భయభక్తులతో చదవాలన్నది తెలుగునాట పెద్దలు తరతరాలుగా చెప్పే హితవు. భయం చదువుకు సాధనమనే నమ్మకం ఆ మాటలోనే ఉంది. తన ఆలోచనల స్వభావం, ప్రయోజనం గురించి మనిషికి ఉండే ఇటువంటి నమ్మకాలను మనస్తత్వశాస్త్రంలో అధిసంజ్ఞాన విశ్వాసాలంటారు. పరీక్షాందోళనతో వాటికి గల సంబంధాన్ని విజయవాడ విద్యాచరిత్ర నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ర్యాంకు చుట్టూ అల్లుకున్న చదువు

రాష్ట్రంలో ఇంటర్మీడియట్ విద్యామండలి 1971లో ఏర్పడింది. 1983లో ప్రవేశాల నియంత్రణ, క్యాపిటేషన్ రుసుము నిషేధ చట్టం వచ్చింది. సీటు డబ్బుకు కాక ప్రతిభకు దక్కాలన్నది దాని న్యాయమైన సంకల్పం. అనంతరం ఎంసెట్ ర్యాంకు ఇంజనీరింగ్, వైద్య విద్యలకు ద్వారమైంది. కృష్ణా డెల్టా రైతు కుటుంబాలు పిల్లల చదువును పొలంతో సమానమైన ఆస్తిగా భావించాయి. విజయవాడ హాస్టల్ చదువులకు కేంద్రమైంది. స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు దినచర్యలయ్యాయి. ఇంటివారి ఆశలన్నీ ఒక్క అంకెపై నిలిచాయి.

3. భావన పరిణామం

పరీక్షాందోళనపై మాండ్లర్, శారసన్‌ల అధ్యయనం 1952లో వెలువడింది. 1967లో లీబర్ట్, మోరిస్ అందులోని చింతను, గుండెదడ వంటి ఉద్వేగ లక్షణాలను వేరుచేసి చూపారు. 1979లో ఫ్లావెల్ అధిసంజ్ఞానాన్ని ప్రత్యేక పరిశోధనాంశంగా ప్రతిపాదించారు. 1994లో వెల్స్, మాథ్యూస్‌లు ఆందోళన కొనసాగడంలో ఇటువంటి విశ్వాసాల పాత్రను సిద్ధాంతీకరించారు. వాటిని కొలిచే ప్రశ్నావళిని 1997లో కార్ట్‌రైట్-హాటన్, వెల్స్ ప్రచురించారు.

4. విశ్లేషణ

ఈ సిద్ధాంతాన్ని హాస్టల్ గదికి అన్వయించి చూడవచ్చు. ‘దిగులు పడకపోతే చదవను’ అనుకునే విద్యార్థి దిగులును తానే ఆహ్వానిస్తాడు. కొంతకాలానికి ‘ఈ దిగులు నా అదుపులో లేదు’ అన్న రెండో నమ్మకం బలపడుతుంది. అప్పుడు పరీక్షతోపాటు తన మనసు కూడా అతనికి భయకారణమవుతుంది. జ్ఞాపకశక్తిపై అపనమ్మకం గలవాడు వచ్చిన పాఠాన్నే మళ్లీ మళ్లీ తిరగేస్తాడు. అయితే ఈ సంబంధం ఏకముఖం కాదు. తీవ్రమైన ఆందోళన సైతం ఇటువంటి నమ్మకాలను పుట్టించగలదు.

5. ముగింపు

విద్యార్థుల ఆత్మహత్యల నేపథ్యంలో 2001లో నీరదారెడ్డి కమిటీ ఏర్పడింది. అప్పటినుండి బహిరంగ చర్చ ప్రధానంగా పనిగంటలు, సెలవులు, వసతుల చుట్టూ సాగింది. అది అవసరమే. విద్యార్థి ఆలోచనను సరిదిద్దితే చాలుననడం సంస్థల బాధ్యతను పిల్లల మీదికి నెట్టడమే అవుతుంది. కాగా గంటలు తగ్గినంత మాత్రాన భయమే చదివిస్తుందనే నమ్మకం తొలగదు. దానిని విద్యార్థికి నేర్పినవారు ఇంటిలోనూ కళాశాలలోనూ ఉన్నారు. కనుక భక్తిని భయం నుండి విడదీసే పని వారితోనే మొదలుకావాలి.