దివిసీమ పైకప్పుల లెక్క

సివిల్ చదివి జావాలో తేలినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళకి గుర్తుండే ఉంటుంది: నిలువు బలాల మొత్తం సున్నా, అడ్డ బలాల మొత్తం సున్నా, మొమెంట్ల మొత్తం సున్నా. ఆధారాల దగ్గర తెలియనివి కూడా మూడే అయితే ఆ కట్టడం డిటర్మినేట్. లెక్క తేలికే. కానీ ఒక్క ఆధారం ఊడితే భారం పంచుకోడానికి ఇంకోటి ఉండదు. ఫెయిలోవర్ లేని సర్వరన్నమాట.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనని ఈ లెక్కతో చూడొచ్చు. చూడాలి కూడా, ఎందుకంటే "ప్రకృతి వైపరీత్యం" అనేసి ఊరుకోవడం మనకి బాగా అలవాటు. 1864లో బందరు ఉప్పెనకి సుమారు 30 వేలమంది పోయారు. 113 ఏళ్ళ తర్వాత అదే తీరంలో, అధికారిక లెక్కల్లోనే, మళ్ళీ సుమారు 10 వేలమంది.

గాలి సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కి.మీ. అనుకుందాం. మన ఐ.ఎస్. 875 ఈ తీరానికి ఇచ్చే వేగం ఇదే. దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువంత. గాలి కప్పు మీదుగా పోతూ దాన్ని పైకి పీలుస్తుంది. తలుపు ఊడిందా, లోపల్నుంచి కూడా నెడుతుంది. రేకుల కప్పు ఇందులో ఐదోవంతు కూడా తూగదు, తాటాకుదీ దాదాపు అదే కథ. మిగతాదంతా తాళ్ళ కట్టే మొయ్యాలి! అదే 12 సెం.మీ. కాంక్రీటు స్లాబయితే 300 కిలోలు, తన బరువుతోనే కూచుంటుంది.

నీళ్ళ సంగతి ఇంకా ఘోరం. సెకనుకి 3 మీటర్ల వేగమే అనుకున్నా చదరపు మీటరుకి 450 కిలోల తోపుడు, గాలికి మూడింతలు. ఆ రాత్రి ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. మట్టిగోడ దానికి ఎదురుగా నిలబడలేదు.

మరి చెట్లు పట్టుకున్నవాళ్ళు ఎలా బతికారు? తాడిచెట్టు కూడా డిటర్మినేటే కదా, మొదలు దగ్గర తప్ప దానికి ఇంకో ఆధారం లేదు. తేడా ఏంటంటే, సన్నటి మాను నీటికి ఎదురు నిలబడదు, పక్కల్నుంచి పోనిస్తుంది. గుడిసె మాత్రం వెడల్పాటి గోడతో భారాన్ని తనే పిలుచుకుంటుంది.

ఆ తర్వాత తీరంలో స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టర్లలో నాకు ఈ రెండూ కనిపిస్తాయి: కింద తాడిచెట్టు కాళ్ళు, పైన స్లాబు బరువు. 1990 మేలో కృష్ణ ముఖద్వారం దగ్గరే పెద్ద తుఫాను తీరం దాటినప్పుడు చావులు వెయ్యి లోపే. ఇందులో ఎక్కువ పేరు ముందస్తు హెచ్చరికలకీ, లక్షకు పైగా జనాన్ని తరలించినవాళ్ళకీ దక్కాలి. ఇళ్ళు మాత్రం అప్పుడూ లక్షల్లోనే దెబ్బతిన్నాయి.