రాజ్యాంగం నల్గొండకు, పాలమూరుకు ఎలా వచ్చింది?

ఏటా నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవం జరుపుకుంటాం. 1949లో ఆ రోజునే రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. కానీ ఆ సభలో హైదరాబాద్ రాష్ట్ర ప్రతినిధులు లేరు. నల్గొండ, మహబూబ్‌నగర్ అప్పుడు ఆ రాష్ట్రంలోని జిల్లాలు. మరి ఇక్కడి దళితులకు రాజ్యాంగం ఏ దారిన వచ్చింది?

ఫర్మానా దారి

రాజ్యాంగ సభ 1946 డిసెంబర్ 9న ఢిల్లీలో తొలిసారి సమావేశమైంది. 1947లో నిజాం భారత్‌లో చేరడానికి ఒప్పుకోలేదు. 1948 సెప్టెంబర్‌లో సైనిక చర్య జరిగింది. ఆ తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక పాలన నడిచింది. 1949 నవంబర్ 23న నిజాం ఫర్మానా ఇచ్చి, భారత రాజ్యాంగం హైదరాబాద్‌కూ వర్తిస్తుందని అంగీకరించాడు. రెండు రోజులకే అంబేడ్కర్ సభలో హెచ్చరించారు: రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం ఎక్కువ కాలం కలిసి సాగలేవని.

1950 జనవరి 26న హైదరాబాద్ ‘బి’ తరగతి రాష్ట్రమైంది. గవర్నర్‌కు బదులు నిజామే రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా కొనసాగాడు. ముఖ్యమంత్రి ఎం.కె. వెల్లోడి కేంద్రం నియమించిన ఐసీఎస్ అధికారి. అంటే హక్కులు ముందు వచ్చాయి, ఎన్నికైన ప్రభుత్వం తర్వాత వచ్చింది.

పోరాట దారి

17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. కానీ వెట్టిపై తిరుగుబాటు అంతకు ముందే మొదలైంది. దొరలకు మాదిగలు చెప్పులు, మోట తోలు పనులు ఉచితంగా చేసిపెట్టాలి. మాలలు కబుర్లు, మూటలు మోయాలి. అప్పటి నల్గొండ జిల్లా కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య తూటాలకు బలయ్యాక పోరాటం సాయుధ రూపం తీసుకుంది. 1951 అక్టోబర్‌లో విరమించే దాకా సాగింది. వెట్టి నిషేధాన్ని ఢిల్లీ దయగా మాత్రమే చూస్తే ఈ చరిత్ర కనుమరుగవుతుంది.

తొలి ఓటు

వయోజన ఓటు హక్కుతో జరిగిన తొలి ఎన్నికల్లో నల్గొండ లోక్‌సభ నియోజకవర్గానికి రెండు స్థానాలు. అందులో ఒకటి ఎస్సీలకు రిజర్వు. ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. పార్టీపై నిషేధం ఉండడంతో కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారని అందరూ చెప్తారు. అక్కడే రిజర్వు స్థానం గెలిచిన సుంకం అచ్చాలు పేరు ఎంతమందికి గుర్తుంది?

1952 మార్చిలో మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ద్విసభ్య నియోజకవర్గాలు 1961లో రద్దయ్యాయి. పూనా ఒప్పందం తెచ్చిన ఉమ్మడి ఓటింగ్ మాత్రం నేటికీ ఉంది. దళిత అభ్యర్థి గెలుపు దళితేతరుల ఓట్ల మీద కూడా ఆధారపడుతోంది.

మిగిలిన పని

అధికరణలు వాటంతట అవి పనిచేయలేదు. అంటరానితనానికి శిక్షలు చెప్పే చట్టం 1955లో, వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లో, అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చాయి. ప్రతి చట్టం వెనుక అంతకు ముందున్నది చాలలేదన్న అనుభవం ఉంది. అంబేడ్కర్ చెప్పిన వైరుధ్యాన్ని మన ఊళ్లో భూమి ఎవరి పేరున ఉందో, బావి ఎవరికి అందుతుందో అడిగి చూస్తే తెలుస్తుంది. ఆ ప్రశ్న వేయడమే రాజ్యాంగ దినోత్సవాన మన పని.